నా పేరు మీద గోడ

ఇందులో ఎవరి పేర్లూ రాయడం లేదు, నా పేరుతో సహా. పేర్లు వాడుకోవడం వల్ల జరిగింది చాలు.

పద్నాలుగేళ్ళు నేను కాంట్రాక్టర్ని. మురిక్కాలవలు కట్టాను, కల్వర్టులు వేశాను, రెండు బళ్ళకి ప్రహరీగోడలు లేపాను, ఫిషింగ్ హార్బర్ దగ్గర వలలు బాగుచేసుకునే షెడ్డుకి కొత్త గచ్చు పోయించాను. ఇవన్నీ కాగితాల్లో ఉన్నాయి, వెళ్ళి చూసుకోవచ్చు. ఆ పద్నాలుగేళ్ళూ నేను నిజంగా చేసింది గోపాలపట్నంలో మా ఇంట్లో వంట. సిమెంటు, ఇసక ఎన్ని పాళ్ళలో కలుపుతారో ఇప్పటికీ నాకు తెలీదు. పప్పులో ఉప్పు ఎంత వెయ్యాలో అడగండి, చెప్తాను.

మా ఆయన ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో సర్కారు ఉద్యోగి. పనులు ఇచ్చే చోట ఉన్నవాడు పనులు తీసుకోకూడదు. కాబట్టి లైసెన్స్ నా పేరు మీద తీశారు. ఎవరికీ అనుమానం రాకుండా నా పుట్టింటి ఇంటిపేరు, మా నాన్న పేరు వేశారు. ఫోటో అడిగారు, ఇచ్చాను. సంతకం అడిగారు, పెట్టాను. రేషన్ కార్డులో పేరెక్కించడం లాంటిదే అనుకున్నాను. మా అమ్మ హార్బర్లో వేలంలో చేపలు పాడుకుని, తట్ట నెత్తిన పెట్టుకుని వీధులమ్మట అమ్మి మమ్మల్ని పెంచిన మనిషి. ఈ సంగతి విని పడీపడీ నవ్వింది.

"నువ్వు కంట్రాక్టరేటే? పుట్టి బుద్దెరిగి ఒక్క తట్టయినా ఎత్తీవా?" అంది.

లైసెన్స్ తీశాక దాన్ని వాడే మనిషి కావాలి. అలా వచ్చాడు మేస్త్రి. శ్రీకాకుళం వైపు పల్లె నుంచి తాపీ చేత్తో పట్టుకుని వచ్చి, చిన్న చిన్న పనులు చేయించే స్థాయికి ఎదిగినవాడు. పని తెలుసు, చదువు లేదు, లైసెన్స్‌కి కావలసిన కాగితాల్లో ఒక్కటీ లేదు. మొదటిరోజే మా ఆయన్ని "బావ" అన్నాడు. ఆ లెక్కన నేను అక్కనయ్యాను. వరస కలిపేశాక ఇక అడ్డేముంది. ప్రతి దసరాకీ పుట్టింటివాడిలా చీర తెచ్చేవాడు. మంచి చీరలే తెచ్చేవాడు, ఆ మాట చెప్పుకోవాలి.

ఇక్కడ ఇది వింతేం కాదు. టెండరు నా పేరున పడుతుంది, పని అతను చేస్తాడు, బిల్లు నా ఖాతాలోకి వస్తుంది, మా వాటా తీసుకుని మిగతాది అతనికి ఇస్తాం. సొమ్మొకడిది సోకొకడిది అంటారు కదా, అది ఈ వ్యాపారం చూసి పుట్టిన సామెతే అయ్యుంటుంది. టెండర్లు కంప్యూటర్లో వెయ్యడం వచ్చాక నా సంతకం ఒక చిన్న కీలోకి వెళ్ళిపోయింది, పెన్‌డ్రైవ్ లాంటిది. దాన్ని అతను తన బండి తాళాల గుత్తికి తగిలించుకున్నాడు. సైటుకి వెళ్తే నా సంతకం సైటుకి వెళ్ళేది, చేపల బజారుకి వెళ్తే చేపల బజారుకి వెళ్ళేది.

కాగితాల మీద సంతకాలు మాత్రం ఇంటికొచ్చి పెట్టించుకునేవాడు. నేను కత్తిపీట పక్కకి పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుని పెట్టేదాన్ని. కొన్నాళ్ళకి అది కూడా కష్టమైంది అతనికి.

"పెతీ దానికీ గోపాలపట్నం పరిగెట్టుకు రావాలంటే ఎలగక్కా? ఓ పది కాయితాలు ముందే సంతకాలెట్టీసి ఇచ్చీ. అవసరం బట్టి వాడుకుంతాను," అన్నాడు.

పైన నా పేరు, కింద ప్రొప్రైటర్ అని అచ్చేసి ఉన్న తెల్లకాగితాలు. సంతకం ఎంత కిందకి పెట్టాలో పెన్సిల్‌తో చుక్క పెట్టి తెచ్చేవాడు, పైన రాయడానికి చోటు ఉండాలని. మా ఆయన పక్కనే కూర్చుని పేపరు చదువుకునేవారు. వద్దని ఆయనా అనలేదు, నేనూ అడగలేదు. అడగాలని తోచలేదన్నదే నిజం.

ఒకరోజు మధ్యాహ్నం తలుపు కొట్టారు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ అమ్మాయి. ద్వారకా నగర్లో ఒక బట్టల షాపులో పనిచేస్తుందట, షాపువాళ్ళిచ్చిన చీరలోనే ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరు.

"కాంట్రాక్టర్ గారున్నారాండి?" అంది.

"లేరమ్మా, ఆఫీసుకెళ్ళారు," అన్నాను.

అబద్ధం ఆడాలని ఆడలేదు. నిజంగానే అలా వచ్చేసింది నోట్లోంచి. కాంట్రాక్టర్ అంటే ఎవరో మగమనిషి, బయటికెళ్ళి ఉంటాడు, అంతే నాకు తెలిసింది. ఆ అమ్మాయి కవర్లోంచి ఒక జిరాక్స్ తీసి చూసుకుంది, మళ్ళీ నా వంక చూసింది.

"ఇక్కడ మేడం పేరుందండి. ఆవిడ మీరు కాదా?"

కాగితం అందుకున్నాను. నా పేరు, మా ఇంటి నంబరు, కింద నా సంతకం. పెన్సిల్ చుక్క కూడా జిరాక్స్‌లో సన్నగా పడింది. మధ్యలో నేను రాసిన ఉత్తరం ఉంది. కొండవాలు కాలనీలో మేము కడుతున్న గోడ పునాది గోతిలో మట్టి పెళ్ల విరిగిపడి మరణించిన మహిళ మా పనిలో కూలీ కాదని, దారిన పోతూ అనుమతి లేకుండా పనిస్థలంలోకి వచ్చిందని, ఆమె మరణానికీ మాకూ ఏ సంబంధమూ లేదని నేను లేబర్ ఆఫీసు వారికి వినయంగా తెలియజేసుకున్నాను.

నేను కడుతున్న గోడ దగ్గర ఒక మనిషి చచ్చిపోయిందన్న సంగతి ఆ కాగితం చదివే నాకు తెలిసింది. అంతకు మూడు వారాల ముందు మేస్త్రి వచ్చి "వానలకి పనాగిపోయిందక్కా" అని చెప్పి, కొత్తగా నాలుగు కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని వెళ్ళాడు. ఆవేళ అతనికి టీ కూడా పెట్టిచ్చాను.

అమ్మాయిని కూర్చోమన్నాను. కూర్చోలేదు. చెప్పాల్సింది నిలబడే చెప్పింది.

"మాయమ్మ దారిని పోయే మనిసి కాదండి. వారం రోజుల్నుంచి ఆ పన్లోకే ఎల్తంది. పొద్దున్నే కూలీల అడ్డా కాడ నిలబడితే మేస్త్రీ గారే ఆటోలో ఎక్కించుకెల్లీవోరు. డబ్బులు కోసం రాలేదని అబద్దం సెప్పను, డబ్బులూ కావాలి. గానీ ముందు మాయమ్మ పన్లోనే సచ్చిపోయిందని రాయాలండి. దారిని పోయే మనిసి అంత లోతు గోతిలోకి ఎందుకు దిగుతాదండి? ఆ మాటన్నా ఎవరూ ఆలోసించరా?"

మంచినీళ్ళిచ్చాను. తాగి గ్లాసు అరుగు మీద పెట్టింది. పై సోమవారం విచారణ ఉందని చెప్పింది. "చూస్తానమ్మా," అన్నాను. ఆఫీసుల్లో పెద్దవాళ్ళు అనే మాట అది. ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు, కాంట్రాక్టర్ని కదా.

నాకు ఏడుపు రాలేదు. కోపం కూడా రాలేదు. పంటి డాక్టరు సూదేశాక బుగ్గ ఉన్నట్టు ఉంది ఒళ్ళంతా. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. అన్నం ఎప్పటిలాగే ఉడికింది.

సాయంత్రం మా ఆయన రాగానే ఆ అమ్మాయి సంగతి చెప్పాను. ఆయన ఫోన్ చేస్తే మేస్త్రి వచ్చాడు. మా ఆయన తేలుకుట్టిన దొంగలా కుర్చీలో కూర్చున్నారు. ఆయనకి ముందే తెలుసని చూడగానే అర్థమైంది.

"నీకెందుకక్కా ఇయన్నీ," అన్నాడు మేస్త్రి. "అడ్డా కూలీలకి పేరుంటాదా, రిజిస్టరుంటాదా? ఆ కాయితంతో కేసు తేలిపోద్ది. ఆ పిల్లకి ఏదో నాను సూత్తాను, ఉత్తసేతుల్తో అంపను. నువ్వసలు రానక్కర్నేదు, వకీలు సూసుకుంతాడు."

"ఆవిడ మన పనిలోనే ఉందా?" అన్నాను.

అతను మా ఆయన వంక చూశాడు. "ఉన్నాదక్కా," అన్నాడు. "మంచి పనిమనిసి. నానేటి కావాలని సేసేనా? కొండమట్టి, వాన తడిసీసి ఉంది, పెళ్లలు కూలకుండా కర్రలు తన్ని పెట్టాలి గోతికి. రేపెడదాం, ఎల్లుండెడదాం అనుకున్నాను." తర్వాత తల వంచుకున్నాడు. అతను చెడ్డవాడని నేను అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. చెడ్డవాడైతే సులువుగా ఉండేది.

అతను వెళ్ళాక మా ఆయన నాకు విషయం విడమరిచి చెప్పారు. ఉత్తరం నిజమే అంటే గొడవ అక్కడితో పోతుంది. లైసెన్స్ అద్దెకిచ్చాం, నాకేం తెలీదు అంటే ఆయన ఉద్యోగం పోతుంది. రిటైర్మెంటుకి ఏడాదిన్నర ఉంది. పైగా అప్పుడు చచ్చిపోయిన ఆ మనిషికి యజమాని అంటూ ఎవరూ ఉండరు. కాగితాల్లో మేస్త్రి లేడు, నేనేమో కాదంటున్నాను, ఇక ఆమె ఎవరి కూలీ? ఎవరిదీ కాదు. నేనే పని చేయించాను, ఆమె నా కూలీ అని చెప్పాననుకోండి, పరిహారం మా నెత్తిన పడుతుంది, పోలీసు కేసు నా మీదకి వస్తుంది.

"అంత తెలివితక్కువ పని ఎవరూ చెయ్యరులే," అన్నారు ఆయన.

ఆదివారం కూరగాయలకని చెప్పి ఆటో ఎక్కి కొండవాలు కాలనీకి వెళ్ళాను. పద్నాలుగేళ్ళలో నా పని చూడడానికి వెళ్ళడం అదే మొదటిసారి. గోతి సగం పూడిపోయి ఉంది, చుట్టూ తాడు కట్టారు. ఒక పక్క ఇనపరేకు బోర్డు మీద పని పేరు, కింద పెద్ద అక్షరాల్లో నా పేరు. అంత పెద్దగా నా పేరు పెళ్ళి శుభలేఖలో కూడా చూసుకోలేదు. బోర్డుకి బురద కొట్టుకుని ఉంది. పక్కింటి ఆవిడ బట్టలు ఆరేస్తూ నన్ను చూసింది.

"ఎవరమ్మా? ఏటి కావాలి?" అంది.

"ఎవరూ కాదండి. దారిన పోతూ చూశాను," అన్నాను.

నా పేరు బోర్డు మీద ఉండగా, దాని పక్కనే నిలబడి, దారిన పోయే మనిషిని అని చెప్పాను. నా ఉత్తరంలో నేను ఆమెకి అంటగట్టిన మాట అదే. నేను దారిన పోయేదాన్ని, ఆమె పనిలో ఉన్నది. కాగితం మీద అవి తారుమారయ్యాయి, అంతే జరిగింది. ఆవిడ బట్టలారేసి లోపలికెళ్ళిపోయినా నేను అక్కడే ఉన్నాను. తర్వాత ఆటో దొరికింది. కూరగాయలు కొనడం మర్చిపోయాను.

సోమవారం నేనూ వస్తానంటే మేస్త్రి మొదట కంగారుపడ్డాడు, తర్వాత సంతోషించాడు. ప్రొప్రైటర్ స్వయంగా వచ్చి ఉత్తరంలో ఉన్నదే చెప్తే ఇంకా గట్టిగా ఉంటుందని వకీలు అన్నాడట. మా ఆయన సెలవు పెట్టలేదు, ఆ చుట్టుపక్కల కనబడకూడదు కదా. బస్సులో కాంప్లెక్స్ బస్టాండు దగ్గర దిగి, అక్కణ్ణుంచి మేస్త్రి బండి మీద వెళ్ళాను. తాళాల గుత్తికి నా సంతకం ఊగుతూనే ఉంది.

లేబర్ ఆఫీసు గదిలో ఆ అమ్మాయి గోడవారగా నిలబడింది. నన్ను చూసి దండం పెట్టలేదు. అధికారి నాకు కుర్చీ చూపించాడు. నా వెనకాల నిలబడ్డ మేస్త్రిని "ఈయనెవరు?" అని అడిగాడు.

"మా దగ్గర పనిచేసే మేస్త్రి అండి," అన్నాను.

పద్నాలుగేళ్ళ బట్టి కాగితాల లెక్కన యజమానిని నేనే. పైకి అన్నది మాత్రం అప్పుడే. అధికారి ఉత్తరం నా ముందు పెట్టాడు.

"ఈ సంతకం మీదేనా అమ్మా?"

"నాదేనండి. సంతకం నాది. అందులో రాసింది తప్పు."

వకీలు ఏదో అనబోయాడు. అధికారి చేత్తో ఆపాడు.

"పని నాది," అన్నాను. "ఆమె నా కూలీ. పనిలో ఉండగానే పోయింది."

"మీరు సైటులో ఉండేవారా?"

"ఉండేదాన్నండి."

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో. పద్నాలుగేళ్ళ నుంచి నా చేత కాగితాలు ఇదే అబద్ధం ఆడిస్తున్నాయి కాబట్టి నోరు అలవాటు పడిపోయి ఉంటుంది. అక్కడ నిజం ఒకటే, ఆమె పనిచేసింది అన్నది. దాన్ని నిలబెట్టడానికి నా దగ్గరున్నది ఈ అబద్ధం ఒక్కటే.

అధికారి తెలివైనవాడు. నన్ను నమ్మలేదని ముఖం చూస్తేనే తెలిసింది. బల్లమీదున్న చనిపోయిన మనిషి ఫోటో తీశాడు. ఎవరి పెళ్ళిలోనో ఎదురుగా నిలబెట్టి తీసింది. నలభై అయిదేళ్ళుంటాయి, కొత్త చీర కట్టుకుని బిగుసుకుని నిలబడింది.

"అడ్డా నుంచి రోజుకొకరు వస్తారు పోతారు కదమ్మా. రిజిస్టరు లేదు. ఈమే అని మీరు ఎలా చెప్పగలరు? ఈ ఫోటోలో లేనిది ఏమైనా చెప్పండి."

ఆ గదిలో ఫ్యాను తిరుగుతోంది. నాకు ఆమె గురించి ఏమీ తెలీదు. ఎత్తో పొట్టో తెలీదు, నవ్వితే ఎలా ఉంటుందో తెలీదు. ఆ అమ్మాయిని ముందుగా ఏదైనా అడిగి ఉండాల్సింది, అంత ఆలోచన కూడా నాకు లేకపోయింది. చేతులు బల్ల మీద పెట్టి కూర్చున్నాను.

"నడినెత్తిన జుట్టు లేదండి," అన్నాను. "తట్ట మోసీ మోసీ అక్కడ ఊడిపోయి, అరచెయ్యంత మేర నున్నగా ఉండేది. అది కనబడకుండా జుట్టు పక్కనుంచి తీసి దువ్వుకునేది."

అధికారి అమ్మాయి వంక చూశాడు. ఆ అమ్మాయి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "అవునండి," అంది. అధికారి కలం తీసి రాయడం మొదలుపెట్టాడు. అంతా రాశాక చదివి వినిపించాడు. సంతకం పెట్టమన్నాడు. పైనుంచి కిందిదాకా నిండిన కాగితం మీద సంతకం పెట్టడం నాకు కొత్త.

తర్వాత జరిగినవి ఇక్కడే చెప్పేస్తాను. పెందుర్తి వైపు కొనుక్కున్న స్థలం పరిహారానికి పోయింది. పోలీసు కేసు ఇంకా నడుస్తోంది, వాయిదాకి వెళ్ళినప్పుడల్లా నా పేరు గట్టిగా పిలుస్తారు. లైసెన్స్ రద్దయింది. మా ఆయన చాలా రోజులు నాతో మాట్లాడలేదు. రిటైరయ్యాక మాట్లాడుతున్నారు, పాలు తెచ్చావా, కరెంటు బిల్లు కట్టావా అని. మేస్త్రి ఇప్పుడు ఇంకెవరో ఆవిడ లైసెన్స్ మీద పనులు చేస్తున్నాడట. ఆవిడ భర్తని బావ అనే పిలుస్తుంటాడు. కొండవాలు గోడ వేరే కాంట్రాక్టర్ పేరు మీద పూర్తయింది. అతను కూడా కాగితాల్లోనే ఉంటాడేమో నాకు తెలీదు.

విచారణ అయిన ఆ రోజు మేస్త్రి నాకోసం ఆగలేదు. మెట్లు దిగేసరికి బండి లేదు. ఎండ మండిపోతోంది. బస్టాపు వైపు నడుస్తుంటే వెనక నుంచి ఆ అమ్మాయి వచ్చి పక్కన నడిచింది.

"మాయమ్మని మీరు నిజంగా సూసేరా?" అంది.

"లేదమ్మా. ఒక్కసారి కూడా చూళ్ళేదు," అన్నాను.

ఆగిపోయింది. "మరి నెత్తి మీద జుట్టు సంగతి ఎలా తెలిసిందండి? మాయమ్మ మాకు కూడా సూపించడానికి సిగ్గుపడీది."

"మా అమ్మకీ అక్కడ ఉండేది కాదు. చేపల తట్ట మోసేది," అన్నాను.

బస్సు వచ్చింది. ఆ అమ్మాయిది ద్వారకా నగర్, నాది గోపాలపట్నం, అది నా బస్సే. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఆ అమ్మాయి కింద నిలబడి, నన్ను కాదు, నా నడినెత్తి వంక చూస్తోంది. నాకు జుట్టు ఒత్తుగానే ఉంటుంది, ఇప్పటికీ.